సాయంత్రం ఆరున్నర తర్వాత మా చదువు

(విద్యార్థినుల సమస్యల మీద జరిగిన ఒక సమావేశంలో బి.ఎస్సి. చివరి సంవత్సరం విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



"కాలేజీ జీవితం: చదువు, అభిరుచులు, స్నేహాలు" అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. వినడానికి వ్యాసరచన పోటీలో ఇచ్చే అంశంలా ఉంది. మొన్న హాస్టల్లో కూర్చుని నోట్సు రాసుకుంటుంటే ఒక సంగతి గమనించాను. ఏం రాసినా అందులో ఒక టైము వచ్చి కూర్చుంటోంది. ప్రాక్టికల్స్ నాలుగున్నరకు అయిపోతాయి, లైబ్రరీ అయిదింటికి మూస్తారు, గేటు ఆరున్నరకు వేస్తారు, ఇంటి నుంచి ఫోను ఏడింటికి వస్తుంది. చదువుతో మొదలుపెట్టినా, ఆటలతో మొదలుపెట్టినా చివరికి ఆ గేటు దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. అందుకని ఇచ్చిన విషయం మీదే మాట్లాడుతూ, ఆడపిల్ల సమయం మీద అధికారం ఎవరిది అనే ప్రశ్న మీ ముందు పెడతాను.

ముందు క్లాసుల సంగతి. నేను బి.జెడ్.సి. చదువుతున్నాను. మా ఊరి నుంచి హనుమకొండకు బస్సులో గంటన్నర ప్రయాణం. ఇంటర్లో నాకూ, నాకంటే ఏడాది చిన్నవాడైన మా తమ్ముడికీ మార్కులు దాదాపు సమానంగానే వచ్చాయి. వాడిని హైదరాబాదులో ఇంజనీరింగుకు పంపారు. నన్ను డిగ్రీలో చేర్చారు. మా నాయన చెడ్డవాడు కాడు. "ఇద్దరికి అప్పు చెయ్యలేను బిడ్డా, నువ్వు దగ్గర్ల చదువుకో, ఆదివారం ఆదివారం అచ్చిపోవచ్చు" అన్నాడు. ఆయన చెప్పిన అప్పు నిజమే. ఆ అప్పు ఎవరి పేరు మీద చేయాలి అనేది మాత్రం మా ఇంట్లో ఎవరూ చర్చించలేదు, నన్నూ అడగలేదు. మా క్లాసు ఆడపిల్లలం ఒకరోజు ఖాళీ పీరియడ్లో "ఈ కోర్సు నువ్వే ఎంచుకున్నావా?" అని ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. అవునని చేయెత్తినవాళ్ళు కొద్దిమందే.

2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చదివేవాళ్ళు 4.33 కోట్ల మంది. అందులో ఆడవాళ్ళు 2.07 కోట్లు. అంటే దాదాపు సగం. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. అదే సంవత్సరం పుట్టిన భండారు అచ్చమాంబ బడి ముఖం చూడకుండానే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువుకుని, "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. ఆ రోజుల నుంచి చూస్తే సగం సీట్లలో మేం కూర్చోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ సర్వే సీట్లు లెక్కపెట్టింది. ఆ సీట్లో కూర్చున్న పిల్లకు రోజుకు ఎన్ని గంటలు దొరుకుతున్నాయో లెక్కపెట్టలేదు.

క్లాసులో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. జంతుశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తుంది. మొదట మాకు ఆ పేపరు చెప్పిన సారు ఆ పాఠం దగ్గరికి రాగానే పుస్తకం మూసి, "ఇది మీరే చదువుకోండి, ఇంపార్టెంట్ కాదు" అన్నారు. వెనక బెంచీల్లో మగపిల్లలు నవ్వారు, మేం తలలు దించుకున్నాం. సెమిస్టర్ పరీక్షలో ఆ పాఠం నుంచే పెద్ద ప్రశ్న వచ్చింది. తర్వాతి సెమిస్టర్లో ఒక గెస్టు లెక్చరర్ మేడమ్ వచ్చారు. చెప్పిన గంటలకే జీతం, సెలవు రోజులకు ఏమీ రాదు. ఆమె ఆ పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. బోర్డు మీద బొమ్మ వేసి, గర్భాశయం, అండాశయం అని మామూలు గొంతుతో, పత్రహరితం అన్నట్టే అన్నారు. మగపిల్లలు మొదటి అయిదు నిమిషాలు నవ్వి, తర్వాత రాసుకోవడం మొదలుపెట్టారు. క్లాసయ్యాక మాలో ఇద్దరు ఆమె దగ్గరికి పోయి తమ నెలసరి నొప్పుల గురించి అడిగారు. ఒకమ్మాయి మొదటిసారి డాక్టరు దగ్గరికి పోయింది. మా మూడేళ్ళ చదువులో మా ఒంటికి పనికొచ్చిన పాఠం అదొక్కటే. అలాంటి పాఠం చెప్పిన మనిషికి ఈ ఏడాది గంటలు ఇస్తారో లేదో తెలియదు.

ఫీజుల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక మాలాంటి ఇళ్ళ నుంచి ఆడపిల్లలు డిగ్రీ మెట్లు ఎక్కారు. ఆ డబ్బు ఏళ్ళ తరబడి రాకపోవడంతో 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బంద్ చేశాయి. ప్రభుత్వం ఇవ్వకపోతే కాలేజీ మా సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటుంది. కొడుకు సర్టిఫికెట్ అయితే నాలుగు చోట్ల తిరిగి డబ్బు తెచ్చి విడిపిస్తారు. బిడ్డది అయితే "పెండ్లయినంక చూద్దాం తియ్యి" అంటారు. మా సీనియర్ల సర్టిఫికెట్లు అట్లా ఆఫీసు బీరువాలో ఉండిపోవడం నాకు తెలుసు.

బస్సు గురించి మాత్రం ఒక మంచి మాట చెప్పాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇచ్చారు. దీని మీద జోకులు వేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారట. తిరిగితే ఏమైందని అడుగుతున్నాను. మా అమ్మ నన్ను చూడ్డానికి హాస్టల్‌కు మొదటిసారి ఒంటరిగా వచ్చింది ఆ బస్సులోనే. అంతకుముందు చార్జీల డబ్బు కోసం నాయనను అడగాలి, ఆయన "ఎందుకు" అంటే చెప్పాలి. నేనూ పుస్తకాల ఎగ్జిబిషన్‌కు, రక్తదాన శిబిరానికి ఒక్కదాన్నే పోయివచ్చాను. కానీ బస్సు ఫ్రీ అయినా టైము ఫ్రీ కాలేదు. నాలుగున్నరకు ప్రాక్టికల్ అయి, ఆరున్నరకు గేటు పడితే, ఆ రెండు గంటల్లో ఎంత దూరం పోయి రాగలమో అదే మా ప్రపంచం.

ఇక అభిరుచులు. ఈ మాట నేను ఎక్కువగా చూసేది పెళ్ళి బయోడేటాల్లో. పోయిన సంక్రాంతికి మా మేనత్త నాకు చెప్పకుండా నా బయోడేటా ఒకటి తయారు చేయించింది. అందులో హాబీలు: వంట, కుట్లు అల్లికలు, టీవీ చూడటం. నాకు వంట అంటే విసుగు, కుట్టు రాదు. "మరి నువ్వు ఉరుకుతవని రాయాల్నా?" అంది అత్త. నేను పరుగెత్తుతాను. ఇంటర్లో ఉన్నప్పుడు జిల్లా స్థాయిలో 800 మీటర్లు ఉరికాను. మా తమ్ముడు బ్యాటు పట్టుకుని పొద్దంతా ఎటుపోయినా దాన్ని మా ఇంట్లో హాబీ అనరు. "పోరడు ఆడుకోను పోయిండు" అంటారు, అంతే. నేను తెల్లారి ఊరి రోడ్డు మీద ఉరికితే ఊరంతా అడుగుతారు, ఏమైంది, ఎవరికి బాగాలేదు అని.

పరుగుకు పొద్దున అయిదింటికి లేవాలి. హాస్టల్ గేటు ఆరింటికి తీస్తారు. ఆరున్నరకు గ్రౌండ్‌లో మగపిల్లలు క్రికెట్ వికెట్లు పాతుతారు. నాకు మిగిలింది ఆ అరగంట. సాయంత్రం గ్రౌండ్ ఖాళీ అయ్యేసరికి గేటు వేస్తారు. పర్వతగిరి మండలం కల్లెడ మా వరంగల్ జిల్లాదే. ఆ ఊరి కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. ఆమె ఫ్లెక్సీ మా కాలేజీ గేటుకూ కట్టారు. మంచిదే. ఆ ఫ్లెక్సీ కింద నుంచే నేను వాచ్‌మెన్ గేటు తీసేదాకా నిలబడతాను.

ఇంటికి పోయినప్పుడు అసలు ఆ అరగంట కూడా ఉండదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. 2024లో మళ్ళీ చేశారు. 289, 88 అని వచ్చింది. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళకు తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఈ అంకెలు మా అమ్మకు చదివి వినిపిస్తే, "గా 88 నిమిషాలు ఏ ఊర్ల చేస్తున్రు?" అంది. సెలవులకు ఇంటికి పోగానే ఆ పనిలో సగం నా వాటాకు వస్తుంది. సెలవుల్లో చదువుకుంటానని తీసుకుపోయిన పుస్తకాలు సంచీలోంచి తీయకుండానే తిరిగొస్తాయి.

నా రెండో అభిరుచి చదవడం. పాఠ్యపుస్తకాలు కాకుండా వేరేవి. మా లైబ్రరీలో ఒక మూల బీరువాలో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" దొరికింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళు తమ కథలు తామే చెప్పిన పుస్తకం. మా జిల్లాల ఆడవాళ్ళు, మా వయసులోనే రాత్రిపూట అడవుల్లో నడిచినవాళ్ళు. నేను ఆ పుస్తకాన్ని పది రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, లైబ్రరీ మూసేలోపు నిలబడి చదివాను. రిఫరెన్సు పుస్తకమట, బయటికి ఇవ్వరు. మగపిల్లల హాస్టల్‌కు తాళం లేదు కాబట్టి వాళ్ళు రాత్రి తొమ్మిదింటి వరకు ఊళ్ళో ఉన్న జిల్లా గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదువుకుంటారు. అదే గ్రూప్స్ పరీక్ష మేమూ రాయాలి.

స్నేహాల దగ్గరికి వస్తాను. ఇక్కడ సంతోషంగా చెప్పుకోవలసిందీ ఉంది. మా గదిలో నలుగురం. ఒకరు మాదిగ, ఒకరు లంబాడీ, ఒకరు ముస్లిం, నేను బి.సి. మా ఊళ్ళో అయితే వాళ్ళ వాడకు నేను పోయి కూర్చునే సందర్భమే రాదు. ఇక్కడ నలుగురి ఇళ్ళ నుంచి వచ్చే సర్వపిండి, తొక్కు, రంజాన్ సేమ్యా ఒకే స్టీలు డబ్బాలో పెట్టుకుని తింటాం. జ్వరం వస్తే ఒకరి తల ఒకరు పడతాం. ఇదంతా సులువుగా అయిందని అనను. మొదటి నెలలో మా అమ్మ ఫోన్లో "పక్క మంచం ఎవలది?" అని అడిగితే నేను కులం చెప్పలేదు, పేరు చెప్పాను. అమ్మ మళ్ళీ అడిగింది. ఇప్పుడు అడగదు. మొన్న తనే తొక్కు ఎక్కువ పంపి, "ఆ పిల్లకు గిది ఇష్టమట గదా" అంది.

మగపిల్లలతో స్నేహం సంగతి వేరు. మాకు రెండే మాటలు ఇచ్చారు. అన్నయ్య, లేకపోతే లవర్. ల్యాబ్‌లో ఒకే మైక్రోస్కోపు దగ్గర కూర్చునే అబ్బాయిని ఏమని పిలవాలి? వరండాలో నిలబడి రికార్డు గురించి అయిదు నిమిషాలు మాట్లాడితే, ఆ కబురు సాయంత్రానికి హాస్టల్‌కూ, మర్నాటికి ఊరికీ చేరుతుంది. మామూలుగా మాట్లాడే వీలు లేకపోవడం వల్ల మంచివాడెవడో, మర్యాద తెలిసినవాడెవడో తెలుసుకునే దారి మాకు మూసుకుపోయింది. వాళ్ళకూ ఆడపిల్లతో మనిషిలా మాట్లాడటం రాదు. సినిమాల్లో హీరో వెంటపడితే చివరికి ఆమె ఒప్పుకుంటుంది. అదే ప్రేమ అని వాళ్ళు నేర్చుకున్నారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, ఒకమ్మాయి చనిపోయింది. అప్పటికి మాకు మూడు నాలుగేళ్ళు ఉంటాయేమో. అయినా ఇప్పటికీ మా ఇళ్ళలో ఆ సంగతి చెబుతారు. మగపిల్లలకు చెప్పరు, మాకు చెబుతారు, బయటికి పోవద్దని. ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే ఏమవుతుందో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో చూశాం. కులం తక్కువ అల్లుడిని పిల్ల తండ్రే డబ్బిచ్చి చంపించాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది.

మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. పేరు చెప్పను. కెమిస్ట్రీలో మా అందరికంటే ముందుండేది. రెండో సంవత్సరంలో ఒకడు బస్టాండు నుంచి కాలేజీ వరకు రోజూ వెంటపడేవాడు. నంబరు సంపాదించి రాత్రిళ్ళు మెసేజీలు పెట్టేవాడు. ఆరు వారాలు ఆమె ఎవరికీ చెప్పలేదు. మాకు చెప్పినప్పుడు కూడా మొదటి మాట, "మా ఇంట్లో తెల్వొద్దు" అని. వెంటపడటం నేరం. 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. షీ టీమ్స్ ఉన్నాయి, ఫోను నంబరు హాస్టల్ గోడ మీదే ఉంది. ఆమెకు అవన్నీ తెలుసు. ఫిర్యాదు చేస్తే ఇంటికి తెలుస్తుంది, ఇంటికి తెలిస్తే చదువు ఆగిపోతుంది. ఆ లెక్క కూడా ఆమెకు తెలుసు. చివరికి ఎవరి ద్వారానో వాళ్ళ అన్నకు తెలిసింది. అతను వచ్చి ఆ అబ్బాయిని కొట్టాడు. ఆ అబ్బాయి నాలుగు రోజులకు కట్టు కట్టుకుని మళ్ళీ క్లాసుకు వచ్చాడు. ఆమె రాలేదు. మూడు నెలల్లో పెళ్ళయింది. ఇప్పుడు చంకలో పిల్ల. ఆమె కెమిస్ట్రీ రికార్డు నా ట్రంకు పెట్టెలో ఉంది, సగం ప్రయోగాలు రాసి ఉంది.

తప్పు చేసినవాడి హాజరు పోలేదు. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. ఆడపిల్లలు ఎందుకు నోరు విప్పరు అని ప్రతి సభలో అడుగుతుంటారు. నోరు విప్పితే చదువు పోతుంది కాబట్టి విప్పరు. ధైర్యం గురించి మాకు ఉపన్యాసాలు చెప్పేకంటే ఆ చదువు పోకుండా చూస్తే మేమే చెబుతాం.

దీనికి నియమాలు ఉన్నాయి. 2013 చట్టం తర్వాత యు.జి.సి. అన్ని ఉన్నత విద్యాసంస్థలకూ 2015 నిబంధనలు ఇచ్చింది. ప్రతి కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విద్యార్థుల సంగతి అయితే ముగ్గురు విద్యార్థులు, అదీ ఎన్నికైనవాళ్ళు, అందులో ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి, పేర్లు బయటపెట్టకూడదు. ఇంకొక మాట కూడా ఉంది. భద్రత అనే పేరుతో ఆడపిల్లల హాస్టళ్ళలో మగపిల్లలకు లేని వివక్షాపూరిత నియమాలు పెట్టకూడదు అని. 2015లో ఢిల్లీలో విద్యార్థినులు హాస్టల్ తాళాల మీద "పింజ్రా తోడ్" ఉద్యమం నడిపారు. మా కాలేజీలో కమిటీ ఉందని బోర్డు ఉంది. అందులోని విద్యార్థులను ఎవరు ఎన్నుకున్నారో మేం ఎవరం చూడలేదు.

ఈ ఏడాది మేం హాస్టల్ విద్యార్థినులం ఒక వినతిపత్రం రాశాం. గేటు ఎనిమిదింటికి వేయాలి, లైబ్రరీ ఏడున్నర వరకు తెరవాలి, కమిటీకి ఎన్నిక జరపాలి, ఫిర్యాదు చేసిన అమ్మాయి ఒప్పుకోకుండా ఇంటికి కబురు చేయకూడదు. వార్డెన్ మేడమ్ చదివి, "రూల్స్ మీ మంచికే పెట్టింది. మీకేమన్నా అయితే మీ నాయనలకు నేనే జవాబు చెప్పుకోవాలె" అన్నారు. ఆమె భయం నాకు అర్థమవుతుంది. ఆమె ఉద్యోగమూ మా గేటు మీదే ఆధారపడి ఉంది. తర్వాత ప్రిన్సిపాల్ గారు, తండ్రుల సంతకాలు తెస్తే ఆలోచిస్తామన్నారు.

నేను దసరాకు ఇంటికి పోయి అమ్మ సంతకం తెచ్చాను, నాయన ఊళ్ళో లేడు. తల్లి సంతకం పనికిరాదన్నారు. ఈ మాట అమ్మకు చెబితే, "మరి నీ హాస్టల్ పైసలకు సంఘంల లోను తీసిన్నాడు నా సంతకం ఎట్ల పనికొచ్చింది?" అంది. తండ్రి బతికుండగానే తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చని 1999లోనే సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో చెప్పింది. అది మైనరు పిల్లల విషయంలో. మేం మైనర్లం కూడా కాదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నేను ఓటు వేశాను, అప్పుడు ఎవరూ నాయన సంతకం అడగలేదు. లైబ్రరీలో ఒక గంట ఎక్కువ కూర్చోవడానికి అడుగుతున్నారు.

ఇప్పటికి జరిగింది ఇది. పరీక్షల నెలలో మాత్రం గేటు ఏడున్నరకు వేయడానికి ఒప్పుకున్నారు. లైబ్రరీ సంగతి ఫైలులో ఉంది. ఎన్నిక గురించి మాట లేదు. మాలో ముగ్గురి ఇళ్ళకు "మీ అమ్మాయి గొడవలు చేస్తోంది" అని ఫోన్లు పోయాయి. అందులో ఒకరిని వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోతానంటే, మేం నలుగురం ఆయనతో రెండు గంటలు మాట్లాడి ఆపాం. ఆయన పోతూ పోతూ, "గేటు సంగతి నాకు తెల్వదు గని, లైబ్రరీ తెరిస్తే మంచిదే" అని సంతకం పెట్టి పోయాడు.

మీ సంఘాన్ని రెండు విషయాలు అడగడానికి వచ్చాను. యు.జి.సి. 2015 నిబంధనలు మా దగ్గర ఇంగ్లీషులోనే ఉన్నాయి, అదీ లాయర్ల ఇంగ్లీషులో. వాటిని మా అమ్మలు చదవగలిగే తెలుగులో నాలుగు పేజీల కరపత్రంగా వేసి ఇవ్వండి. రెండోది, వచ్చే నెల మొదటి వారంలో మేం మళ్ళీ ప్రిన్సిపాల్ గారిని కలుస్తున్నాం. మా వెంట పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తే మాటల తీరు మారుతుంది. మా వినతిపత్రం ఇక్కడ బల్ల మీద పెట్టాను. తల్లుల సంతకాల కోసం విడిగా ఒక కాగితం జతచేశాం. వేలిముద్ర వేసేవాళ్ళుంటే ఇంకుప్యాడ్ కూడా తెచ్చాను.